మాసిడోనియా అశ్వదళ బొమ్మలకు రంగులు

బల్లమీద ఆడే యుద్ధక్రీడల కోసం 15 లేదా 28 మిల్లీమీటర్ల కొలతలో చేసిన లోహపు, ప్లాస్టిక్ రౌతులకు రంగులు వేసే కళ ఇది. అలెగ్జాండర్ ‘సహచర’ అశ్వదళాన్ని చిత్రించేటప్పుడు అందరికీ ఒకే రంగు దుస్తులు వేస్తే కంటికి నిండుగా ఉంటుంది గాని, ఆధారాలు అంత సరళంగా లేవు. 1831లో పాంపేలో బయటపడిన, అలెగ్జాండర్ యుద్ధాన్ని చూపే మొజాయిక్‌లో తెలుపు, పసుపు, ఎరుపు, నలుపు ఛాయలదే పెత్తనం. దాన్నొక్కదాన్నే నమ్మితే సైన్యమంతా మట్టిరంగులో మునుగుతుంది. 1887లో సీదోనులో దొరికి, ఇప్పుడు ఇస్తాంబుల్‌లో ఉన్న, అలెగ్జాండర్ సైనికులను చెక్కిన పాలరాతి శవపేటికపై మిగిలిన ఊదా, నీలం, పసుపు జాడలు ఆ లోటును తీరుస్తాయి. పేటికపై నగ్నంగా పోరాడే వీరులున్నారు కదా, శిల్పి కల్పనను నమ్మవచ్చా అని అడగవచ్చు. నగ్నత్వం నాటి గ్రీకు కళా సంప్రదాయం. దుస్తుల రంగులను కూడా దానితో కలిపి తోసిపుచ్చడం తొందరపాటు. పేటిక అలెగ్జాండర్ తరం నాటిదే, ఆ సైనికులను కళ్లారా చూసినవాళ్లు అప్పటికింకా బతికే ఉన్నారు.

గుర్రాలకైతే వైవిధ్యం మరీ ముఖ్యం. గోధుమ, ఎర్రగోధుమ ఛాయలు ఎక్కువగా, నలుపు, బూడిదరంగు తక్కువగా ఉంటే మంద సహజంగా కనిపిస్తుంది. మూలరంగు ఆరాక పలుచని ముదురు రంగును కండరాల మడతల్లోకి పారనిచ్చి, ఎత్తైన భాగాలను దాదాపు పొడి కుంచెతో తేలికగా రుద్దాలి. దూరం నుంచి ఇవేవీ కనబడవనే వాదన ఒక్క బొమ్మ విషయంలో నిజమే. వరుసగా నిలిపినప్పుడు మాత్రం ఛాయల తేడానే దళానికి కదలిక తెస్తుంది. రికాబులు ఆనాడు లేవు, వాటిని గీయకూడదు.