షష్టిపూర్తి నుంచి స్వర్ణోత్సవం దాకా

"అమ్మానాన్నల పెళ్ళయి యాభయ్యేళ్ళు నిండుతున్నాయి, ఏం చేద్దాం?" చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ఇళ్ళలో ఈ మాట వెనకే ఇంకోటి వస్తుంది: "ఎంతవుతుంది?" ఫంక్షన్ హాలు, క్యాటరింగు, ఫొటోలు కలిపి లెక్కేసేసరికి పిల్లల ఉత్సాహం సగం చల్లారుతుంది. "మాకెందుకురా ఇవన్నీ" అని పెద్దవాళ్ళు తప్పుకుంటారు. ఈ వేడుక ఎలా పుట్టిందో, దానికి ఖర్చు ఎక్కడ తోడైందో తెలిస్తే అలా తప్పుకోనక్కర్లేదు.

మన పూర్వులు పండగ చేసుకున్నది పెళ్ళయిన ఏళ్ళకు కాదు, నిండిన వయసుకు. ప్రభవ నుంచి అక్షయ దాకా తెలుగు సంవత్సరాలు 60. గురుడు రాశిచక్రం చుట్టి రావడానికి సుమారు 12 ఏళ్ళు, శనికి సుమారు 30 ఏళ్ళు. ఈ రెండు లెక్కలూ కలిసేది 60 దగ్గర. పుట్టిన సంవత్సరం పేరు మళ్ళీ తిరిగొచ్చే ఆ వేళ చేసేదే షష్టిపూర్తి. 70 ఏళ్ళకు భీమరథ శాంతి. వెయ్యి పున్నములు చూసినవారికి, అంటే 80 దాటాక, సహస్ర చంద్ర దర్శనం. లెక్క భర్త వయసుదే అయినా పీటల మీద ఇద్దరూ కూర్చుంటారు. కలశ స్నానం, కొత్త బట్టలు, మళ్ళీ మంగళసూత్రం. మొదటి పెళ్ళి కన్నవాళ్ళు చేస్తే ఈ పెళ్ళి కన్నబిడ్డలు చేస్తారు.

పాతిక, యాభై అనే లెక్క వేరే దారిలో వచ్చింది. జర్మన్ మాట్లాడే ప్రాంతాల్లో పాతికేళ్ళ కాపురానికి వెండి దండ, యాభయ్యేళ్ళకు బంగారు దండ ఇచ్చే ఆచారం ఉండేది. రజతోత్సవం, స్వర్ణోత్సవం అన్న మన మాటల్లోని వెండి బంగారాలు అవే. జూబిలీ అన్న మాట యూదులది. ప్రతి యాభయ్యో ఏడూ పొట్టేలు కొమ్ము ఊది చాటే పర్వం అది.

హైదరాబాదు ఈ మాటను దర్జాగా చూసింది 1937లో. 1911లో గద్దెనెక్కిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ రజతోత్సవాన్ని ఆ ఫిబ్రవరిలో జరిపారు. పబ్లిక్ గార్డెన్స్‌లోని జూబిలీ హాలు పేరు ఆ ఉత్సవానిదే. అదే 1937లో అమెరికా నగల వర్తకుల సంఘం ఏ పెళ్ళిరోజుకు ఏ కానుక ఇవ్వాలో పెద్ద జాబితా విడుదల చేసింది. ఇంట్లో పుట్టిన వేడుకకు అంగడి లెక్క అలా గట్టిగా తోడైంది.

మన పేటల్లో స్వర్ణోత్సవాలు పెరగడానికి కారణం ఆయుష్షు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దేశంలో సగటు ఆయుర్దాయం నలభై లోపే, ఇప్పుడది డెబ్బైకి దగ్గర. 1956లో కర్నూలు నుంచి రాజధాని ఇక్కడికి మారాక ఉద్యోగాలకని ఎందరో కుటుంబాలతో నగరానికి తరలివచ్చారు. జీతం రాళ్ళతో ఒక్కో వస్తువూ అమర్చుకుని పిల్లల్ని చదివించిన అలాంటి దంపతుల పండగ అప్పుల మీద జరగకూడదు.

అందుకే పాత పద్ధతినే రెండుగా పంచుకుందాం. పెళ్ళి తిథినాడు పొద్దున్నే చిక్కడపల్లి వేంకటేశ్వరస్వామి గుళ్ళో ఇద్దరి గోత్రనామాలతో అర్చన. ఆ దగ్గరి ఆదివారం ఇంటి డాబా మీద పులిహోర, చక్కెర పొంగలి, కొబ్బరి పచ్చడి, గడ్డపెరుగుతో భోజనం. వంట ఇంటివాళ్ళే తలా ఒకటి పంచుకోవచ్చు. పిలుపు, ఆ పెళ్ళి చూసినవాళ్ళలో మిగిలినవారికీ, ఆ కాపురం ఎరిగిన ఇరుగుపొరుగుకూ చాలు. త్యాగరాయ గానసభ వేదిక మీద ఎందరికో శాలువాలు కప్పడం చూసిన పేట ఇది. అలాంటి శాలువా ఒకటి నాన్నకు, నేతచీర ఒకటి అమ్మకు. పాత పెళ్ళి ఫొటో గోడ మీద నుంచి దించి, తుడిచి, అందరి మధ్యా పెట్టి ఆ రోజు కబుర్లు వాళ్ళ నోటనే చెప్పించాలి. వచ్చినవాళ్ళకు తాంబూలం.

చివర్లో ఒక్కటి మరవకూడదు. యాభయ్యేళ్ళ కిందట తలలు వంచి అక్షింతలు వేయించుకున్న ఆ ఇద్దరి చేతికే ఇప్పుడు అక్షింతల పళ్ళెం ఇవ్వాలి. మనవలతో మొదలుపెట్టి అందరూ వరసగా వంగాలి. పసుపు కలిపిన గుప్పెడు బియ్యంతో జరిగే ఆ ఘట్టమే ఈ వేడుకకు ప్రాణం.