మస్కట్ గన్నేరు

ఒమాన్‌కి గన్నేరు బయటనుంచి వచ్చింది కాదు. రోడ్ల పక్కన, విల్లాల ప్రహరీల వెంట విరగబూసేవి నర్సరీ మొక్కలే గాని, హజర్ కొండల్లోని వాదీల్లో, అంటే వానొస్తే తప్ప పారని వాగుల్లో, అది రాళ్ళ మధ్య తనంతట తనే పెరుగుతుంది. ఇక్కడివాళ్ళు హబన్ అంటారు. చుట్టూ పచ్చగా కనబడ్డదల్లా కొరికేసే మేకలు కూడా దాని జోలికి పోవు. అందుకే అంత ఏపు!

ఒకప్పుడు దానికి మస్కట్ పేరే ఉండేది. 1844లో ఆల్ఫాన్స్ ద కాండోల్ అనే వృక్షశాస్త్రవేత్త ఇదేదో వేరే జాతి అనుకుని నీరియం మస్కటెన్స్ అన్నాడు. మధ్యధరా తీరపు గన్నేరూ, మన పెరటి గన్నేరూ, ఇదీ ఒకటేనని తర్వాతివాళ్ళు తేల్చి, ఆ పేరు కొట్టేశారు. మస్కట్ వాసిగా నాకు కాస్త బాధే.

దాని విషం కథ మాత్రం ఇక్కడికి ఎదురుగా, సముద్రం అవతలి ఒడ్డున దొరుకుతుంది. క్రీ.పూ. 325లో అలెగ్జాండరు మన దేశంనుంచి తిరిగిపోతూ మక్రాన్ ఎడారి దాటాడు. (అక్కడి గ్వాదర్ రేవు 1958 దాకా ఒమాన్ సుల్తానుదే.) లారెల్ లాంటి ఆకులున్న మొక్కొకటి తిని, బరువులు మోసే పశువులు నురగలు కక్కుతూ మూర్ఛరోగం వచ్చినట్టు కొట్టుకుని చచ్చాయని స్ట్రాబో రాశాడు. మొక్క పేరు చెప్పలేదు. గన్నేరే అయివుంటుందని కొందరు పండితులు అంటారు, నాకూ అలాగే అనిపిస్తుంది. సంస్కృతంలో దీన్ని కరవీరమనే కాదు, అశ్వమారకం అని కూడా అంటారు. గుర్రాల్ని చంపేది! గ్రీకులు పశువుల్ని పోగొట్టుకుని తెలుసుకున్నది మనవాళ్ళు పేరులోనే పెట్టేశారు.

ఆకు, పువ్వు, కొమ్మ, వేరు, అన్నిట్లోనూ ఒలియాండ్రిన్ ఉంటుంది. గుండె కణాల్లో సోడియం, పొటాషియంల రాకపోకల్ని అడ్డుకుని లయ తప్పిస్తుంది. ఆకు ఎండినా విషం పోదు. కాల్చిన పొగా ప్రమాదమే. వాదీలకి పిక్నిక్ వెళ్ళి ఎండుపుల్లలు ఏరేవాళ్ళు చూసుకోవాలి. (పచ్చగన్నేరు వేరే చెట్టు, అమెరికా ఖండాలనుంచి వచ్చింది, విషంలో మాత్రం దీనికి చుట్టమే.)

2024లో కేరళలో ఒక యువతి గన్నేరాకు నమిలి చనిపోయిందన్న అనుమానంతో, తిరువాన్కూర్ దేవస్వం బోర్డు నైవేద్యంలోనూ ప్రసాదంలోనూ ఆ పువ్వు వాడొద్దంది. అదే ఏడు అబూధాబీలో దాని పెంపకం, అమ్మకం నిషేధించారు. మా నాయనమ్మకి ఏ బోర్డూ చెప్పలేదు. శివుడికి గన్నేరుపూలు వేసేది గాని, ప్రసాదం గిన్నెలో రేకు పడనిచ్చేది కాదు. కోసినవాళ్ళు చేతులు కడుక్కోవాల్సిందే.

మా ఫ్లాట్ల పార్కులో పిల్లలు దాని ఆకులు తుంచి బువ్వలాట ఆడుతుంటారు. వాళ్ళకది పింక్ ఫ్లవర్, అంతే. నేను గన్నేరు, హబన్ అని రెండు పేర్లూ చెప్పి, కుళాయి దగ్గరికి పంపిస్తుంటాను.