స్వామ్యం ఎవరిది? నూజివీడు జమీనులో ప్రజ పౌరుడైన చరిత్ర

ప్రజాస్వామ్యం అనే మాటను మనం తరచుగా వాడుతున్నప్పటికీ అందులోని రెండవ భాగాన్ని అంతగా గమనించము. స్వామ్యం అంటే సొంతదారునికి ఉండే హక్కు. కనుక ప్రజాస్వామ్యంలో మొదటి ప్రశ్న ఓటు గురించినది కాదు, సొంతదారుడు ఎవరు అన్నదే. నూజివీడు పేరు చెప్పగానే చిన్నరసాలు, బంగినపల్లి గుర్తుకు వస్తాయి. అయితే ఆ తోటలు నిలిచిన నేల మీద ఈ ప్రశ్న సిద్ధాంతంగా గాక శిస్తు రసీదు రూపంలో ఎదురైంది. అందుచేత ఈ ప్రాంత చరిత్రను ఆ కోణంలో పరిశీలించదలచాము.

1802లో మద్రాసు ప్రభుత్వం శాశ్వత శిస్తు విధానాన్ని చట్టంగా తెచ్చింది. దాని ప్రకారం జమీందారు ప్రభుత్వానికి స్థిరమైన పేష్కషు చెల్లించాలి, రైతు జమీందారుకు శిస్తు చెల్లించాలి. మేకా వంశీయుల నూజివీడు జమీను ఈ ఏర్పాటు కిందనే నడిచింది. ప్రభుత్వానికి చెల్లించవలసినది మారదు, రైతు నుండి రాబట్టవలసినది మాత్రం పెరగవచ్చు. ఆ కాలంలో 'ప్రజ' అంటే రాజుకు లోబడినవాడు. 'పౌరుడు' అనే మాటకు పురంలో నివసించేవాడు అని అర్థం గనుక అది పల్లెటూరి రైతుకు వర్తించనే లేదు! 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం సాగుచేసే రైతుకు కొంత రక్షణ కల్పించింది గాని, యజమాని ఎవరన్నది తేల్చలేదు.

1919 చట్టం కింద 1920లో జరిగిన ఎన్నికలలో ఓటు ఆస్తిని, పన్నును అనుసరించింది. 1935 చట్టం ఈ పరిధిని విస్తరింపజేసినప్పటికీ బ్రిటిషు ఇండియా అంతటా సుమారు 3 కోట్ల మందికే ఓటు దక్కింది. తోటలో కాయ కోసే కూలీకి, అతని భార్యకు సాధారణంగా అందులో చోటు లేదు. ఈ పరిమిత ఓటుతోనే 1937లో మద్రాసు శాసనసభలోని 215 స్థానాలలో 159 కాంగ్రెసు గెలిచింది. జమీందార్లకు ప్రతినిధి వంటి బొబ్బిలి రాజా వి.వి.గిరి చేతిలో ఓడిపోయాడు. రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన జమీందారీ విచారణ సంఘం ఏర్పడింది. భూమికి సొంతదారుడు రైతేననీ, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమేననీ అది 1938లో నిర్ధారించింది. మా దృష్టిలో తెలుగునాట ప్రజాస్వామ్య చర్చకు ఈ నివేదిక ముఖ్యమైన మైలురాయి. 1939 అక్టోబరులో ఆ మంత్రివర్గం రాజీనామా చేయడంతో అది చట్టరూపం దాల్చలేదు.

తుదకు 1948 నాటి చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాయి. జమీందార్లకు నష్టపరిహారం, రైతులకు రైత్వారీ పట్టాలు లభించాయి. 1950లో రాజ్యాంగం వచ్చింది. 1951-52 ఎన్నికలలో సుమారు 17 కోట్ల మందికి పైగా ఓటర్లుగా నమోదయ్యారు. చదువురానివారి కోసం ఒక్కొక్క అభ్యర్థికి గుర్తు అంటించిన ఒక్కొక్క పెట్టెను ఉంచారు. ఇక్కడ ఒక తేడాను మనం మరువరాదు. ఓటు అందరికీ వచ్చింది, పట్టా మాత్రం అప్పటికే రైతుగా గుర్తింపు ఉన్నవారికే వచ్చింది. భూమిలేని కూలీ ప్రభుత్వానికి సొంతదారుడయ్యాడు గాని తాను నిలబడిన నేలకు కాలేదు. మన సంఘాలలో అనేకులు ఆ కూలీల బిడ్డలే.

జమీను పోయినా జమీందారీ కుటుంబం రాజకీయాలకు దూరం కాలేదు. ఎం.ఆర్.అప్పారావు నూజివీడు నుండి శాసనసభకు ఎన్నికై, మంత్రిగాను, తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడిగాను పనిచేశారు. మేకా వెంకట ప్రతాప అప్పారావు 2004, 2014, 2019లలో గెలిచి, 2024లో ఓడిపోయారు. దీనిని పాత విధేయతకు కొనసాగింపు అనేవారున్నారు. అది కొంత నిజమే కావచ్చు. కాని రాజవంశీయుడు కూలీ గుమ్మం ముందు నిలిచి ఓటు అడగడం, ఆ కూలీ కాదనగలగడం 1802 నాటి ఏర్పాటులో ఊహకందని విషయం.

అయిదేళ్లకొకసారి కాదనగలగడం ఒక్కటే పౌరుని పాత్రా? 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు స్థానం కల్పించింది. గ్రామ ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. ఎన్నిక అవసరం లేదు, పట్టా అవసరం లేదు. 1994 నాటి మన పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీ జమాఖర్చులు, చేపట్టబోయే పనులు, లబ్ధిదారుల ఎంపిక ఆ సభ ముందుకు రావాలి. అయినను ఆచరణలో ఎన్నికలే ఆలస్యమైన సందర్భాలున్నాయి. 2018 ఆగస్టులో పదవీకాలం ముగిసిన ఆంధ్రప్రదేశ్ పంచాయతీలకు 2021 ఫిబ్రవరిలో గాని ఎన్నికలు జరుగలేదు. ఈ మధ్యకాలంలో ప్రత్యేకాధికారులు పాలించారు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీలలో ఒకే రోజున గ్రామసభలు జరిపారు. సంఖ్య గొప్పదే. అయితే సభ జరగడం వేరు, సభలో మాట్లాడడం వేరు. కొన్నిచోట్ల సంతకాల పుస్తకమే ఇంటింటికీ తిరిగి సభ పూర్తవుతుంది (మన సంఘాల సర్వసభ్య సమావేశాలలోనూ ఈ అలవాటు లేకపోలేదు).

ఏప్రిల్ 24ను జాతీయ పంచాయతీరాజ్ దినోత్సవంగా జరుపుకొంటూ ఆ రోజున గ్రామసభలు పెట్టడం పరిపాటి అయింది. నూజివీడు తోటలలో అవి కోతల రోజులు. కాపును గుత్తకు తీసుకున్న వ్యాపారి లారీ సమయానికి కాయ అందాలి గనుక కూలీలు తెల్లవారకముందే తోటకు వెళతారు. పగటిపూట పెట్టిన సభకు వారు రావాలంటే ఆ రోజు కూలి వదులుకోవలసిందే. సభ ఏ వేళకు పెట్టాలని ఆ కూలీలను ముందుగా అడిగిన పంచాయతీ మాకు ఇంతవరకు కనబడలేదు.