గుర్రాన్ని చంపే పువ్వు: గన్నేరు పేరు వెనక ఉన్న చరిత్ర

హైవే మీద బస్సులో వెళ్తున్నప్పుడు డివైడర్ మధ్యలో వరసగా గులాబీ రంగు, తెల్ల రంగు పూలు కనిపిస్తాయి కదా? అదే గన్నేరు. శివుడి పూజకి కోస్తాం, పెరట్లో పెంచుతాం. మరి ఈ మొక్కకి సంస్కృతంలో ఉన్న ఒక పేరు ఏంటో తెలుసా? హయమారకం. హయం అంటే గుర్రం, మారకం అంటే చంపేది. గుర్రాన్ని చంపేది అని అర్థం!

ఇది ఎవరో సరదాగా పెట్టిన పేరు కాదు. మన తాతల తరం బడిలో వల్లె వేసిన అమరకోశంలోనే, కరవీరం అనే పేరు పక్కన ఇది కూడా ఉంది. సుశ్రుత సంహితలో విషాల గురించి చెప్పే భాగం పేరు కల్పస్థానం. అందులో వేరులో విషం ఉండే మొక్కలు ఎనిమిదింటిని లెక్కపెట్టారు. ఆ ఎనిమిదిలో ఒకటి అశ్వమారం. అశ్వమన్నా గుర్రమే.

ఇక్కడ నాకొక డౌట్ వచ్చింది. గన్నేరు ఆవునీ చంపుతుంది, మేకనీ చంపుతుంది, మనిషినీ చంపుతుంది. మరి పేరులో గుర్రమే ఎందుకుంది? ఈ ఎపిసోడ్ అంతా ఆ ప్రశ్న గురించే.

ముందు క్రీస్తుపూర్వం 325కి వెళ్దాం. అలెగ్జాండర్ మన దేశం నుంచి వెనక్కి వెళ్తున్నాడు. సైన్యంలో ఒక భాగాన్ని ఓడల్లో పంపించాడు, ఇంకో భాగాన్ని వేరే దారిలో పంపించాడు, తను మాత్రం గెడ్రోసియా ఎడారి దారి పట్టాడు. అంటే ఇప్పటి బలూచిస్తాన్, మక్రాన్ తీరం. సుమారు 60 రోజుల నడక. నీళ్ళు లేవు, తిండి లేదు. సైనికులు సొంత గుర్రాల్నీ కంచర గాడిదల్నీ కోసుకుని తినేసి, "దాహంతో చచ్చిపోయాయి" అని చెప్పేవాళ్ళట. అలెగ్జాండర్‌కి సంగతి తెలిసినా తెలియనట్టే ఉండిపోయాడని అరియన్ అనే చరిత్రకారుడు రాశాడు.

అదే ప్రయాణం గురించి స్ట్రాబో అనే గ్రీకు భూగోళ రచయిత ఇంకో సంగతి చెప్పాడు. ఆ దారిలో లారెల్ ఆకుల్లాంటి ఆకులున్న ఒక మొక్క ఉంది. బరువులు మోసే జంతువులు దాన్ని తింటే నోట్లో నురగ కక్కుకుంటూ, మూర్ఛ వచ్చినట్టు కొట్టుకుని చచ్చిపోయాయి. వృక్షశాస్త్ర పితామహుడని మనం చెప్పుకునే థియోఫ్రాస్టస్ కూడా గెడ్రోసియాలో ఇలాంటి మొక్క ఉందని అంతకు ముందే రాసిపెట్టాడు. ఆయన ఇటువైపు వచ్చింది లేదు. సైన్యంతో వెళ్ళినవాళ్ళ మాటల్ని బట్టే రాశాడు.

లారెల్ అంటే మన బిర్యానీ ఆకుకి చుట్టం. పొడుగ్గా, దళసరిగా, కోసుగా ఉండే ఆకు. గన్నేరు ఆకు ఒకటి తుంచి చూడండి, పోలిక మీకే తెలుస్తుంది. ఇప్పటి గ్రీకు భాషలో గన్నేరుని పిక్రోదాఫ్ని అంటారు, అంటే చేదు లారెల్. బలూచిస్తాన్ వాగుల వెంబడి గన్నేరు ఇప్పటికీ అడవి మొక్కలా పెరుగుతుంది. అందుకే స్ట్రాబో చెప్పిన మొక్క గన్నేరే అయ్యుంటుందని చాలామంది పండితుల అభిప్రాయం. నాకూ అదే నిజమనిపిస్తుంది.

సరే, గన్నేరు పచ్చిగా ఉన్నప్పుడు విపరీతమైన చేదు. కడుపు నిండిన జంతువు దాని జోలికి పోదు. మరి అలెగ్జాండర్ జంతువులు ఎందుకు తిన్నాయి? ఒకటి, ఆకలి. రెండు, అవి ఆ నేలకి కొత్త. ఒక చోట పుట్టి పెరిగిన పశువు తల్లి వెంట తిరుగుతూ ఏది మెయ్యాలో, ఏది వదిలెయ్యాలో నేర్చుకుంటుంది. వేల మైళ్ళ నుంచి వచ్చిన గుర్రానికి ఆ చదువు ఎవరు చెప్తారు?

ఈ "కొత్త జంతువు" పాయింట్ మార్కోపోలో కూడా చెప్పాడు. మన మోటుపల్లి గురించీ, అక్కడ పాలిస్తున్న రాణి గురించీ రాసిన మార్కోపోలోనే. చైనాకి వాయవ్యంలో సుక్చూర్ అనే చోట కొండల్లో ఒక విషపు మొక్క ఉందట. అది తింటే పశువుల గిట్టలు ఊడిపోతాయట. అందుకని బయటి వర్తకులు ఆ కొండల్లోకి స్థానిక పశువుల్ని మాత్రమే తీసుకెళ్ళేవాళ్ళట, ఎందుకంటే వాటికి ఆ మొక్క తెలుసు, ముట్టుకోవు. అది గన్నేరు కాదు. గిట్టలు ఊడటం అంటే సెలీనియం ఎక్కువగా పట్టే మొక్కల పని అయ్యుండొచ్చని ఇప్పటి శాస్త్రవేత్తలు కొందరంటారు. మొక్క వేరైనా కథ ఒకటే: ఊరి పశువు బతికింది, పరాయి పశువు చచ్చింది.

ఇప్పుడు మన ప్రశ్నకి వద్దాం. పాతకాలపు భారతదేశంలో పరాయి జంతువు ఏది? గుర్రమే! మంచి గుర్రాలన్నీ సింధు, కాంభోజం, బాహ్లికం లాంటి వాయవ్య ప్రాంతాల నుంచే వచ్చేవి. సైంధవం అనే మాటకి గుర్రం అనే అర్థం రావడానికి కారణం ఇదే, సింధు దేశం నుంచి వచ్చింది అని. తర్వాత కాలంలో దక్షిణాదికి సముద్రం మీద అరబ్బు గుర్రాలు దిగాయి. పాండ్య రాజు ఏటా రెండు వేలకు పైగా గుర్రాలు కొంటాడనీ, సరిగ్గా చూసుకునేవాళ్ళు లేక ఏడాది తిరిగేసరికి వందైనా మిగలవనీ మార్కోపోలో రాశాడు. అంకెలు కాస్త పెంచి చెప్పినా, గుర్రం ఎంత ఖరీదైనదో, ఎంత సుకుమారమైనదో తెలుస్తోంది కదా. గుర్రాల వైద్యానికి శాలిహోత్రం అనే ఒక శాస్త్రమే పుట్టింది. విరాట రాజు కొలువులో నకులుడు దామగ్రంథిగా చేరింది కూడా గుర్రాల్ని చూసుకోవడానికే.

ఇంకో సంగతి. గుర్రం వాంతి చేసుకోలేదు! దాని కడుపు పైభాగంలో ఉండే కండరం అంత బిగువుగా ఉంటుంది. పొరపాటున ఏదైనా తింటే కక్కే దారి లేదు.

అందుకే నా ఊహ ఏంటంటే, హయమారకం అనే పేరు ఒక వార్నింగ్ బోర్డు. గుర్రాలు కాసేవాడు చదువుకున్నవాడు కాకపోవచ్చు. మొక్క పేరులోనే ప్రమాదం పెట్టేస్తే ఇక మర్చిపోడు. పర్షియన్ వాళ్ళూ ఇదే పని చేశారు. గన్నేరుని ఖర్‌జహ్రే అంటారు, గాడిద విషం అన్నట్టు. రోమన్ రచయిత అపులీయస్ రాసిన ఒక నవలలో హీరో గాడిదగా మారిపోతాడు. గులాబీలు తింటే మళ్ళీ మనిషి అవుతాడు. దూరంగా ఎర్రటి పూలు చూసి పరిగెత్తితే, తీరా అవి పశువుల ప్రాణం తీసే లారెల్ గులాబీలు! ఆ రోజుల్లో ఇది అందరికీ తెలిసిన విషయమే అన్నమాట.

ఇక సైన్స్ రెండు ముక్కల్లో. గన్నేరులో ఉండే ఓలియాండ్రిన్ గుండె కొట్టుకునే లయని పాడు చేస్తుంది. ఆకు, పువ్వు, కొమ్మ, వేరు, అన్నిట్లోనూ విషమే. గుర్రం బరువులో 0.005 శాతం ఎండుటాకు చాలు. అంటే 400 కిలోల గుర్రానికి 20 గ్రాములు. గుప్పెడు కూడా కాదు! అన్నిటికంటే ముఖ్యం, ఆకు ఎండితే చేదు తగ్గుతుంది, విషం మాత్రం తగ్గదు.

ఒక క్లారిటీ కూడా ఇస్తాను. పచ్చ గన్నేరు అమెరికా ఖండం నుంచి వచ్చింది, కాబట్టి పాత పుస్తకాల్లో ఉన్నది అది కాదు. కానీ అదీ విషమే. బిళ్ళ గన్నేరు మడగాస్కర్ మొక్క, అది వేరే కథ.

హైవేల మీద గన్నేరు పెట్టడానికి కారణాలున్నాయి. నీళ్ళు తక్కువైనా బతుకుతుంది, ఎదురు బండి లైటు కళ్ళలో పడకుండా ఆపుతుంది, పశువులు మెయ్యవు. మొక్క నిలబడి ఉన్నంతసేపూ ఆ లెక్క కరెక్టే. కానీ కొమ్మలు కత్తిరించి రోడ్డు పక్కన కుప్ప పోసి వదిలేస్తే? నాలుగు రోజుల్లో ఎండి, చేదు తగ్గి, మేతలా తయారవుతుంది. వేసవిలో గడ్డి దొరకని ఆవుకీ, పెళ్ళి బరాత్ అయ్యాక రోడ్డు పక్కన కట్టేసిన గుర్రానికీ ఆ కుప్ప గెడ్రోసియానే.

అందుకని చిన్న రిక్వెస్ట్. ఇంట్లో గన్నేరు ఉంటే పీకెయ్యక్కర్లేదు. కత్తిరించిన కొమ్మల్ని మాత్రం పశువులకి అందే చోట పడెయ్యకండి, తగలబెట్టకండి, ఆ పొగ కూడా మంచిది కాదు. గోతిలో పూడ్చెయ్యండి. పశువు గానీ మనిషి గానీ తిన్నారని అనుమానమొస్తే నాటు వైద్యంతో టైమ్ వేస్ట్ చెయ్యకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

మీ ఊళ్ళో పశువులు మెయ్యకూడని మొక్కలకి ఇలాంటి పేర్లు ఇంకేమైనా ఉన్నాయా? పశువులు కాసిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే ఈ రోజే అడిగి కామెంట్‌లో రాయండి. ఆ పేర్లు పుస్తకాల్లోకి ఎక్కనివైతే, వాళ్ళతోనే పోతాయి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.