రూర్కీ: కాలువ కోసం పుట్టిన కళాశాల

1837-38 నాటి కరవు గంగా యమునల నడుమ ప్రాంతాన్ని పీల్చి పిప్పి చేసింది. ఆ తర్వాతే గంగ కాలువ ఆలోచన బలపడింది. అంత పనికి చదువుకున్న ఇంజినీర్లు, ఓవర్సీర్లు చాలలేదు. అందుకే 1847లో రూర్కీలో కళాశాల పెట్టారు. సోలానీ నది మీదుగా కాలువను దాటించే భారీ కట్టడం అక్కడే లేస్తోంది. విద్యార్థులకు అంతకన్నా మంచి పాఠం ఏముంటుంది? 1854లో కాలువ పారింది. అప్పటికి ఏడాది కిందటే మరణించిన లెఫ్టినెంట్ గవర్నర్ థామసన్ పేరు కళాశాలకు దక్కింది.

స్వాతంత్ర్యం తర్వాత, 1949లో, ఇదే దేశపు తొలి సాంకేతిక విశ్వవిద్యాలయమైంది. అయితే దాన్ని నిలబెట్టింది ఉత్తరప్రదేశ్ చట్టం. 2000లో రాష్ట్రం చీలి రూర్కీ ఉత్తరాంచల్‌కు వెళ్లింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో కేంద్రం దాన్ని ఐఐటీగా మార్చింది. జాతీయ హోదా వచ్చింది, విశ్వవిద్యాలయమన్న పేరు పోయింది.