ముల్లు తీసినవా? – ఓ పంచరు చరిత్ర

ఒకే వారంలో ఒకే చక్రానికి మూడు పంచర్లు! అదీ మోజుపడి కొనుక్కున్న రోడ్ బైకుకి. మొదటిది నాచారం పారిశ్రామికవాడ దాటాక, రెండోది మర్నాడు మల్లాపూర్ దగ్గర, మూడోది మౌలాలి కమాన్ దాకా వచ్చేసరికి. మొదటి రెండుసార్లూ వీడియోలు చూసి నేర్చుకున్న విద్యంతా ప్రయోగించి నేనే ప్యాచీ వేశాను. మూడోసారికి ఓపిక అయిపోయి, సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు పక్కనున్న పంచరు దుకాణానికి వెళ్ళాను. దుకాణమంటే ఏముంది... ఓ చెట్టు, కొమ్మకి వేలాడే పాత టైరు, గాలి కంప్రెసరు, నీళ్ళ తొట్టి.

ఆ పెద్దాయన నా సన్నటి టైరు కేసి ఓసారి, నా హెల్మెట్ కేసి ఓసారి చూసి అడిగిన మొదటి ప్రశ్న: "ముల్లు తీసినవా బేటా?"

"రెండుసార్లు ప్యాచీ వేశాను చాచా."

"ప్యాచీ గాదు బేటా. ముల్లు తీసినవా?"

తియ్యలేదు. ఆయన టైరు లోపల వేలు పెట్టి మెల్లగా చుట్టూ తిప్పుకుంటూ వచ్చి ఒకచోట ఆగాడు. చిన్న ప్లయర్‌తో లాగి నా అరచేతిలో పెట్టాడు. వెంట్రుకంత సన్నటి ఇనప తీగ ముక్క. లారీ టైర్లు చిరిగినప్పుడు వాటి లోపలి ఉక్కు తీగలు ఇలా రోడ్డు మీద రాలిపోతాయట. సర్వరు పడిపోతే లాగ్ చూడకుండా రీస్టార్ట్ కొట్టి ఇంటికెళ్ళిపోయే బాపతు పని నేను చేసిందన్నమాట. రోజూ ఆఫీసులో "రూట్ కాజ్ ఏంటి?" అని పిల్లల్ని వేధించే నాకు ఇది కాస్త గట్టిగానే తగిలింది :-)

ఆ రాత్రి కూర్చుని పంచరు చరిత్ర తిరగేశాను. తీరా చూస్తే ఆ చరిత్ర మొత్తం చాచా ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది.

గాలికి కట్టిన మూల్యం

మొదట్లో పంచరనేదే లేదు. చక్రానికి ఇనప పట్టీయో, గట్టి రబ్బరో ఉండేది. దిగే ముల్లుకి దిగడానికి చోటు లేదు, కూర్చున్నవాడి నడుముకి మాత్రం సుఖం లేదు. స్కాట్లండుకి చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే గాలి నింపిన చక్రానికి పేటెంటు తీసుకున్నాడు. రబ్బరు పూసిన గుడ్డ గొట్టం, దాని మీద తోలు కవచం. కానీ అప్పటికి సైకిలే సరిగ్గా పుట్టలేదు. ఆలోచన ముందొచ్చింది, మార్కెట్టు తర్వాత వచ్చింది. మన రంగంలో ఇలాంటివి ఎన్ని చూళ్ళేదు!

థామ్సన్ని లోకం మర్చిపోయింది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు, కొడుకు మూడు చక్రాల సైకిల్ కోసం మళ్ళీ అదే కనిపెట్టి పేటెంటు తీసుకున్నాడు. పాత పేటెంటు బయటపడి ఆయనది తర్వాత చెల్లకుండా పోయింది, అది వేరే గొడవ. 1889లో బెల్‌ఫాస్ట్ పందాల్లో విల్లీ హ్యూమ్ ఈ టైర్లతో గెలిచాక గట్టి రబ్బరు రోజులు అయిపోయాయి. వేగం వచ్చింది, సుఖం వచ్చింది, వాటితోపాటే పంచరూ వచ్చింది.

అసలు చిక్కు ఏంటంటే, ఆ టైర్లని రిమ్ముకి జిగురుతో అంటించేసేవాళ్ళు. 1889లో ఫ్రాన్సులో మిషెలాన్ సోదరుల ఫ్యాక్టరీకి ఒకాయన పంచరైన డన్‌లప్ టైరుతో వచ్చాడు. విప్పి బాగుచెయ్యడానికే దాదాపు 3 గంటలు, జిగురు ఆరడానికి ఓ రాత్రి. పొద్దున్నే ఎక్కితే కాసేపటికే మళ్ళీ గాలి పోయింది. అన్నదమ్ములకి అక్కడ అర్థమైంది: పంచరు ఎలాగూ అవుతుంది, కాబట్టి టైరు విప్పడం తేలిక కావాలి. 1891లో విప్పదీయగల టైరు చేశారు. ఆ ఏడు పారిస్–బ్రెస్ట్–పారిస్ పందెంలో, దాదాపు 1,200 కిలోమీటర్లు, షార్ల్ తెరోం అనే ఆయన ఆ టైర్లతోనే గెలిచాడు. మరుసటేడు పారిస్ నుంచి క్లెర్మాంకి పెట్టిన పందెంలో మిషెలాన్ వాళ్ళే దారిలో మేకులు చల్లించారు! మా టైరు పంచరవదు అని చెప్పడానికి కాదు, అయినా నిమిషాల్లో సర్దుకోవచ్చు అని చూపించడానికి.

ఈలోగా ఇంగ్లండులో చార్లెస్ వెల్చ్ 1890లో అంచుల్లో తీగ ఉన్న టైరు తెచ్చాడు. ఇవ్వాళ నా రోడ్ బైకుకున్నదీ, మా నాన్న 28 ఇంచిల సైకిల్‌కున్నదీ ఆ వంశమే. టైరు విప్పితేనే కదా లోపల వేలు పెట్టి ముల్లు వెతకగలిగేది!

మన దారుల ముళ్ళు

మౌలాలి గుట్ట మీది దర్గాకి కుతుబ్‌షాహీల కాలం నుంచీ జనం వస్తూనే ఉన్నారు. 1824లో పోయిన కవయిత్రి మహలఖా బాయి చందా సమాధి ఆ గుట్ట కిందే ఉంది. అప్పుడు ముల్లు గుచ్చుకునేది కాలికి. టైరు వచ్చాక దానికీ గుచ్చుకోవడం మొదలెట్టింది.

మొదటి దోషి పల్లేరు కాయ. పండి ఎండాక అది ఐదు ముక్కలుగా విడిపోతుంది. ఒక్కో ముక్కకి రెండు పెద్ద ముళ్ళు. ఎలా పడినా ఏదో ఒక మొన పైకే ఉంటుంది. అమెరికాలో ఉన్న మిత్రులకి ఇది గోట్‌హెడ్ పేరుతో తెలిసే ఉంటుంది. వాళ్ళకది వలస కలుపు. దాన్ని అణచడానికి 1961లో ఇటలీ నుంచి పురుగుల్ని తెచ్చి వదిలారు. బోయిసీ ఊళ్ళోనైతే 2018లో గోట్‌హెడ్ పేరు మీద ఓ సైకిల్ ఉత్సవమే మొదలెట్టారు, ముళ్ళ మొక్కలు పీకించడం అందులో భాగం.

రెండో దోషిని మనమే పిలిచి కూర్చోబెట్టాం. సర్కారు తుమ్మ. పేరులోనే సర్కారుంది చూడండి. ఇది దక్షిణ అమెరికా వైపు చెట్టు. వంటచెరకు కోసమని 1877లో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో వేశారు. అంటే డన్‌లప్ టైరు కన్నా పదకొండేళ్ళు ముందే దాని ముల్లు మన గడ్డ మీద సిద్ధంగా ఉందన్నమాట! ఇవ్వాళ రైలు పట్టాల పక్కన, చెరువు గట్ల మీద, ఖాళీ ప్లాట్లలో ఎక్కడ చూసినా అదే. కొమ్మలు కొట్టి రోడ్డు పక్కన పడేసిన మర్నాడు సైకిల్ తీశారో, మీ పని అయిపోయినట్టే.

వీటికి తోడు గాజు పెంకులు, వర్క్‌షాపుల ఇనప తురుము, సుమారు 250 కోట్ల ఏళ్ళ మన గ్రానైటు రాలగొట్టే వాడి కంకర.

చిల్లు చెప్పే కథ

చాచా ట్యూబుని నీళ్ళలో ముంచి బుడగల్ని చూస్తూ చెప్పుకుపోయాడు, నేను విన్నాను. తర్వాత పుస్తకాల్లో చూస్తే ఆయన చెప్పిందాంట్లో ఒక్కటీ తప్పు లేదు.

చిల్లు ట్యూబు బయటి వైపు ఉంటే ముల్లో, గాజో. రిమ్ము వైపు ఉంటే పుల్ల మొనో, పక్కకి జరిగిన రిమ్ము టేపో. పక్కపక్కనే రెండు చీలికలు, పాము కాటులాగా ఉంటే ముల్లు అసలు లేదు, గాలి తక్కువైంది: గుంతలో పడ్డప్పుడు రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగింది. వాల్వు మొదట్లో చిరిగితే తక్కువ గాలికి ట్యూబు జరిగి లాగేసింది. ఎక్కడా బుడగ లేకపోతే వాల్వుకి ఉమ్మి రాసి చూడాలి. పాత సైకిళ్ళ వాల్వులో చిన్న రబ్బరు గొట్టం పాడై గాలి పోయేది, గుర్తుందా?

గమనించారా, ఇందులో రెండు కారణాలు గాలి తక్కువవ్వడమే. ట్యూబు ఎంత మంచిదైనా గాలి రోజూ కొంచెం కొంచెం పోతూనే ఉంటుంది. సన్నటి టైరులో గాలి తక్కువ పరిమాణం కాబట్టి తేడా త్వరగా తెలుస్తుంది. అందుకే వారానికోసారైనా గేజి ఉన్న పంపుతో, టైరు పక్కన రాసున్న హద్దుల్లో, మన బరువుకి తగ్గట్టు కొట్టాలి. బొటనవేలితో నొక్కి "బానే ఉంది" అనుకోవడం కుదరదు.

ఇంకో భయం: ఎండలో పెడితే పేలుతుందని. లెక్క వేసి చూశాను. 30 డిగ్రీల దగ్గర 80 పీఎస్ఐ కొడితే 60 డిగ్రీలకి 89 దాటుతుంది, అంతే. మంచి టైరుకి అదో లెక్క కాదు. పేలేది పక్కలు చీలిన పాత టైరు. నేను ఇప్పుడు చేసేవి ఇంకో మూడు: గాజు పెంకుల్లోంచి వెళ్తే ఆగి టైరు తుడవడం, అరిగిన వెనక టైరుని మొహమాటపడకుండా మార్చడం, టైరు మీది పేరు ఎప్పుడూ వాల్వుకి ఎదురుగా వచ్చేలా ఎక్కించడం. ఈ చివరిది చేస్తే ట్యూబులో చిల్లు దొరగ్గానే టైరులో ముల్లు ఎక్కడుందో తెలిసిపోతుంది.

చివరగా

టైర్లు మెరుగయ్యాయి. లోపల ముల్లు ఆపే పొర ఉన్నవి, ట్యూబే లేకుండా చిల్లుని ద్రవంతో పూడ్చుకునేవి వచ్చాయి. మంచివే, కాదనను. కానీ ఒకప్పుడు గంటకింత అని సైకిళ్ళు అద్దెకిచ్చే దుకాణాలన్నిట్లోనూ చాచా లాంటివాళ్ళు ఒకళ్ళుండేవాళ్ళు. నాచారం ఫ్యాక్టరీలకీ, రైల్వే షెడ్లకీ షిఫ్టు టైముకి జనం చేరారంటే వాళ్ళ చలవే. నేను చిన్నప్పుడు చూసిన అద్దె సైకిల్ దుకాణాలు ఇవ్వాళ మా వైపు ఒక్కటీ లేవు. ఆయన వేలికి తెలిసిన విద్య ఆయనతోనే పోతుందేమో అన్న బెంగతోనే ఇదంతా రాసుకున్నాను.

డబ్బులెంతని అడిగితే, ఇరవై అన్నాడు. యాభై ఇస్తే ముప్పై తిరిగిచ్చి, "ఈసారి రావొద్దు బేటా" అన్నాడు నవ్వుతూ.

ఆ తీగ ముక్క ఇప్పుడు నా మానిటరుకి అంటించి ఉంది. ఆఫీసులో ఎవరైనా "ఫిక్స్ చేసేశాను" అంటే, ముందు దాన్ని చూసి తర్వాత అడుగుతాను... ముల్లు తీశావా?