అనుమానం పేగు పొర మీదకు మళ్లిన వైనం

1993లో 'సెల్' పత్రికలో మూడు రకాల చిట్టెలుకల వార్త వెలువడింది. ఒక రకానికి ఇంటర్‌ల్యూకిన్-10 జన్యువు లేదు, రెండోదానికి ఇంటర్‌ల్యూకిన్-2, మూడోదానికి టీ కణాల గ్రాహకంలో ఒక భాగం. మూడింటికీ పేగులు వాచాయి. పోయిన జన్యువులన్నీ రోగనిరోధక కణాలకు కావలసినవే కనుక నేరమంతా తెల్లకణాలదే అనిపించింది. ఒక్క కణం మందాన ఉండే లోపలి పొరను ఎవరూ పెద్దగా అనుమానించలేదు. అప్పట్లో నా పాథాలజీ పాఠమూ అలాగే సాగేది.

నా దృష్టిలో అసలు మలుపు 1995. సెయింట్ లూయిస్‌లో హెర్మిస్టన్, గోర్డన్ జన్యువును తీసెయ్యలేదు. పొర కణాలను ఒకదానికొకటి పట్టి ఉంచే క్యాడ్‌హెరిన్‌కు అడ్డుపడే రూపాన్ని చిన్నపేగులో పెట్టారు. ఎలుకలు కూడా మిశ్రమ ఎలుకలు: ఒకే పేగులో కొంత మేర మార్చిన కణాలు, దాన్ని ఆనుకునే మామూలు కణాలు. వాపు మార్చిన మేరకే వచ్చింది, పక్క పొర నిక్షేపంగా ఉంది. ఒకే ఎలుక, ఒకే రక్తం, ఒకే తిండి. దీనికి రావలసినంత పేరు రాలేదని నా ఫిర్యాదు.

తర్వాత పనిముట్టు మెరుగైంది. పేగు పొరలో పనిచేసే విలిన్ జన్యువు స్విచ్చుకు క్రీ అనే ఎంజైమును తగిలించి, కోరిన జన్యువును ఆ పొరలోనే కత్తిరించసాగారు. 2007లో పాస్పరాకిస్ బృందం అలా 'నెమో'ను తీసేసింది. నెమో లేకుంటే, వాపును రాజేస్తుందని పేరున్న ఎన్‌ఎఫ్-కప్పా-బి దారి మూసుకుపోతుంది. కాబట్టి పేగు చల్లబడాలి కదా? తీవ్రమైన కొలైటిస్ వచ్చింది! ఆ దారే పొర కణాలను బతికిస్తోంది మరి. కణాలు చచ్చి పొర చిల్లులు పడితే బాక్టీరియా గోడలోకి దిగింది. బాక్టీరియాను పసిగట్టే సంకేతాలకు కావలసిన మైడీ88నూ తీసేసిన ఎలుకలకు ఆ వాపు రాలేదు.

2008లో బ్లంబర్గ్, కేసర్ బృందం ఎక్స్‌బీపీ1 అనే జన్యువును అదే పొరలో తీసేస్తే పానెత్ కణాలు మాయమై చిన్నపేగు వాచింది. ఇయోసిన్ రంగు పడితే ఎర్రటి రేణువులతో కనిపించే ఈ కణాలు సూక్ష్మజీవులను చంపే ప్రోటీన్లు వదులుతాయి. 2011లో మరో బృందం చేతిలో కాస్పేస్-8 వంతు. కణాన్ని చావుకు పంపే ఎంజైమని దానికి పేరు. అది పోతే చావులు తగ్గాలి. కానీ పానెత్ కణాలు నెక్రోప్టోసిస్ అనే మరో దారిన చచ్చాయి. క్రోన్ జబ్బున్న మనుషుల చిన్నపేగు చివరి భాగంలోనూ అదే రకం చావు ఎక్కువగా ఉందని ఆ బృందమే చూపించింది.